మా ఇంటి తొలి పని

క్రిస్మస్ వెళ్ళిన మూడో రోజున మోకాలి నొప్పికని అమలాపురంలో డాక్టరు దగ్గరికి వెళ్ళేను. చిన్నపిల్ల, కొత్తగా వచ్చిందిట. మోకాలు అటూ ఇటూ వంచి చూసి, చూపు పాదాల మీదికి దింపి అక్కడే ఆగిపోయింది. రెండు పాదాల పైనా, వేళ్ళకీ చీలమండకీ మధ్య, అడ్డంగా నల్లటి చారలున్నాయి. కాయ కాసి గట్టిపడిపోయినవి.

"ఇవేంటి మామ్మగారూ? ఎప్పుడైనా గొలుసులేసి కట్టేసేరా ఏంటి?" అంది సగం నవ్వుతూ, సగం భయపడుతూ.

"తాడమ్మా. కొబ్బరిచెట్లు ఎక్కేదాన్ని."

ఆ పిల్ల నాతో వచ్చిన మా కోడలి మొహం చూసింది. మా కోడలు నా మొహం చూసింది. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని కదా, పరాచికాలాడుతున్నాననుకుని ఇద్దరూ నవ్వేసేరు. నేనూ నవ్వేసి మాత్రలు రాయించుకుని ఆటో ఎక్కేను. ఆటో కాలవ గట్టెక్కేక, రోడ్డు పొడుగునా కొబ్బరిచెట్లు ఒక్కొక్కటీ వెనక్కి వెళ్ళిపోతుంటే, నాకు పన్నెండేళ్ళొచ్చేసేయి.

మా ఊరు రాజోలు దాటేక, కాలవ పక్కన. ఆసాముల పెంకుటిళ్ళు అవతలి గట్టున, మా పేట ఇవతలి గట్టున. అన్నీ తాటాకిళ్ళే. పేట మధ్యలో గుడి. చర్చి అనేవాళ్ళం కాదు, గుడి అనే అనేవాళ్ళం. పెంకుల కప్పు, సున్నం వేసిన గోడలు, తలుపు పక్కన వేలాడే రైలు పట్టా ముక్క. అదే మా గంట. రైలే లేని సీమలోకి ఆ పట్టా ఎలా వచ్చిందో ఎవరికీ తెలీదు. కాలవ నీళ్ళలో కొబ్బరి డొక్కలు నెలల తరబడి నానేసి, కొట్టి పీచు తీసేవారు. ఆ కంపుకి పొరుగూరి వాళ్ళు ముక్కు మూసుకుని మా పేట దాటేవారు. మాకది ఇంటి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది.

మా నాన్న దింపు తీసేవాడు. అంటే ఆసాముల తోటల్లో కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపడం. కాళ్ళకి పీచుతాడు బంధం వేసుకుని, నడుముకి కత్తి దోపుకుని, చెట్టుని రెండు చేతుల్తో కౌగిలించుకుని అలా అలా పైకి పోతుంటే, నడిచి వెళ్తున్నాడా అనిపించేది. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు తువ్వాలులో కొబ్బరిపువ్వు దాచి తెచ్చేవాడు. మొలకెత్తిన కాయలో ఉంటుందే, మెత్తగా, తియ్యగా, నీళ్ళోడుతూ, అది. నాకూ తమ్ముడికీ చెరి సగం. తమ్ముడి సగం ఎప్పుడూ నాకు పెద్దదిగా కనబడేది.

సెలవుల్లో నాన్న వెంట కాయలేరడానికి వెళ్ళేదాన్ని. కాలవ మీదికి వంగిన చెట్టొకటుండేది. దాని మీదికి పాకి నీళ్ళలోకి దూకేదాన్ని. నాన్న నవ్వేవాడు. అమ్మ మాత్రం, "ఆడపిల్లవా, కోతివా?" అని వీపు మీద ఒక్కటిచ్చేది.

మా గుడిలో ఒక అలవాటుండేది. చందాలివ్వడానికి పేటలో ఎవరి దగ్గరా ఏమీ ఉండేది కాదు. అందుకని మా తాతల నాటి పాస్టరు అయ్యగారెవరో ఒక పద్ధతి పెట్టేరట. జనవరి ఒకటో తారీఖున చేసే పని దేవుడిది. ఎవరికి వచ్చిన పని వాళ్ళు, ఆ రోజు అక్కరలో ఉన్నవాళ్ళకి ఊరికే చేసిపెట్టాలి. దాన్ని తొలి పని అనేవారు. ఆరాధన అయ్యేక అయ్యగారు ఒక్కో ఇంటినీ పిలుస్తారు. ఇంటి పెద్ద లేచి మా ఇంటి తొలి పని ఇదండి అని చెప్పాలి. నాన్నది ఎప్పుడూ ఒకటే. గుడి ఆవరణలో జంటగా పెరిగిన రెండు పాత కొబ్బరిచెట్లున్నాయి. వాటిని అక్కాచెల్లెళ్ళనేవారు. మా పేటలో అంతెత్తు ఎక్కేవాడు నాన్నొక్కడే. ఆ చెట్ల కాయలతోటే ఆ రోజు మధ్యాహ్నం ప్రేమవిందులో కొబ్బరిపాల అన్నం, కొబ్బరి లౌజు. మిగిలిన కాయలు ముసలీ ముతకా, దిక్కులేని వాళ్ళ ఇళ్ళకి.

నేను చెప్పే ఏడు, శ్రావణమాసపు ముసురులో, నాన్న చెట్టు మీంచి పడ్డాడు. తడిసిన చెట్టు, పాతబడిన బంధం. సగం చెట్టు దిగేక తాడు పుటుక్కుమంది. తొడ ఎముక విరిగింది. అమలాపురం ఆసుపత్రిలో సిమెంటు కట్టు వేసి పంపేరు. మూడు నెలలు మంచం. కట్టు విప్పేసరికి ఆ కాలు కురచైపోయింది.

అప్పుడే అమ్మ నన్ను కూర్చోబెట్టి, "నా నెత్తి మీద చెయ్యేసి ఒట్టెయ్యి, ఇంకెప్పుడూ చెట్టెక్కనని" అంది.

"ఒట్లు పెట్టుకోకూడదని ఆదివారం బళ్ళో చెప్పేరు కదమ్మా" అన్నాను.

అలా తప్పించుకున్నందుకు ఆ పూట లోలోపల తెగ మురిసిపోయేను కూడా.

నాన్న మంచాన పడ్డ రెండో ఆదివారం నించీ మా ఇంటికి గుప్పెడు బియ్యం రావడం మొదలైంది. మా పేటలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం గుడికి తెస్తుంది. అన్నీ కలిపి, ఆ వారం ఎవరింట్లో పొయ్యి వెలగడం కష్టమో వాళ్ళకిస్తారు. మా అమ్మా వేసేది. ఎవరికి వెళ్తోందని మేం ఎప్పుడూ అడగలేదు. ఆ ఏడు మాకే వచ్చింది.

తెచ్చేది సంఘపెద్ద మామ్మగారు. తెల్లచీర, దారం కట్టిన కళ్ళజోడు, చీర కుచ్చిళ్ళలో అయ్యగారికి తెలీకుండా దాచుకున్న నశ్యం డబ్బీ. అయ్యగారికి ఆ సంగతి తెలుసని మామ్మగారికి తప్ప పేటందరికీ తెలుసు. గుమ్మంలో సంచీ దింపి, "అబ్బాయ్, ఎలా ఉందిరా కాలు?" అని కేకేసేవారు. నాన్న గోడ వైపు తిరిగి పడుక్కునేవాడు. నిద్రపోతున్నాడండి అని అమ్మ చెప్పేది. "నిద్రపోనీ, నిద్రపోనీ" అంటూ మామ్మగారు కాసేపు కూర్చుని వెళ్ళిపోయేవారు.

ఆ బియ్యం వండితే ఒకలా ఉడికేది కాదు. పది రకాల బియ్యం కలిసినవాయె. సన్నవి మెత్తగా అయిపోయేవి, దొడ్డువి పలుకుగా ఉండేవి, రేషను బియ్యం ఒక వాసన వేసేవి. తమ్ముడు ఏరి ఏరి తినేవాడు. ఒకసారి నాన్న కంచంలోకి చూస్తూ, "ఈ ముద్దలో ఎన్ని ఇళ్ళున్నాయో" అన్నాడు. తరవాత ఆ పూట ఏమీ తినలేదు.

డిసెంబరొచ్చింది. గుడికి సున్నం కొట్టేరు. పిల్లలం రంగు కాయితాలు కత్తిరించి, అన్నం మెతుకుల్తో అంటించి తోరణాలు కట్టేం. వెదురుబద్దల నక్షత్రం గుడి ముందు లేచింది. ఇంటింటా అరిసెల పాకం వాసన. మా ఇంట్లో అమ్మ చలిమిడి ముద్ద తోటే సరిపెట్టింది. ఒకరోజు సాయంత్రం అయ్యగారు మా ఇంటికొచ్చి నాన్న పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

"ఈ ఏడు గుడి చెట్ల దింపుకి పొరుగూరి నించి మనిషిని పిలుద్దామనుకుంటున్నామండి. మీరేం మనసులో పెట్టుకోకండి. ఈ ఏటికి మీకు సెలవు" అన్నారు మెత్తగా.

"ఆయ్" అన్నాడు నాన్న.

అంతే. అయ్యగారు ప్రార్థన చేసి వెళ్ళేక, నాన్న కర్ర ఊతగా లేచేడు. మేకుకి వేలాడుతున్న పాత బంధం, ముడేసి బాగుచేసినది, తీసుకుని పెరట్లోకి వెళ్ళేడు. నేను డొక్కల గుట్ట వెనకాల దాక్కుని చూసేను. బంధం కాళ్ళకి వేసుకుని చెట్టుని పట్టుకున్నాడు. ఒక్క జానెడు లేచేడు. కురచ కాలు పట్టు దొరక్క జారిపోయింది. మళ్ళీ లేచేడు. మళ్ళీ జారేడు. మూడోసారి ప్రయత్నించలేదు. చెట్టు మొదట్లో కూర్చుని, మనిషి వీపు నిమిరినట్టు చెట్టు పట్టని నిమురుతూ ఉండిపోయేడు.

డొక్కల గుట్ట వెనకాలే నేను నిర్ణయం తీసేసుకున్నాను.

అమ్మ తెల్లారకముందే పీచు పనికి వెళ్ళిపోయేది. నేను వెంటనే మేకుకున్న బంధం తీసుకుని వంగిన చెట్టు దగ్గరికి పరిగెత్తేదాన్ని. రెండ్రోజులకి అది సులువైపోయి, నిటారు చెట్లకి మారేను. పదడుగులు, పన్నెండడుగులు. మంచుకి తడిసిన చెట్టు గీరుకుని చేతులూ, పాదాలూ మండిపోయేవి. పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని దాచేను. చలేస్తోందని అబద్ధం చెప్పేను. కానీ పాదాలెలా దాస్తాను?

నాలుగో రోజు అన్నం తింటుంటే నాన్న చూపు నా పాదాల మీద పడింది. అమ్మ బావి దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, "ఇలా రా" అన్నాడు. వెళ్ళేను. పాదం చేతిలోకి తీసుకుని, తాడు ఒరుసుకున్న చోట వేలితో రాసేడు.

"ఎన్నాళ్ళైంది?"

"నాలుగ్రోజులు."

"ఎందుకు?"

"గుడి చెట్లు నేనెక్కుతాను నాన్నా."

నాన్న మొహం తెల్లబోయింది. "నీకేమైనా మతి పోయిందా? నన్ను చూసి కూడానా?"

"నువ్వు పడ్డది చెట్టు చేతకాక కాదు కదా. తాడు తెగి."

నా పాదం కింద పెట్టేడు. కొడతాడేమో అనుకున్నాను. చివరికి, "వద్దంటే మానేస్తావా?" అన్నాడు.

తలొంచుకున్నాను. మానేస్తానని చెప్పలేకపోయేను.

"నాకు తెలుసు" అన్నాడు నిట్టూర్చి. "దొంగతనంగా తప్పుగా ఎక్కి చచ్చేకంటే నా కళ్ళముందు సరిగ్గా ఎక్కు. ఒకటే మాట. నేను సరే అన్నదాకా ఆ రెండు చెట్ల జోలికి వెళ్ళకూడదు. నేను కాదంటే కాదు."

మర్నాటి నించీ నాన్న కర్ర పట్టుకుని నాతో వచ్చేవాడు. పాత బంధానికి జంటగా ఇంకో పీచుతాడు కలిపి, లాగి చూసి మరీ నా కాళ్ళకి వేసేవాడు. చెట్టు కింద గడ్డి పరిపించి, పీట వేసుకుని కూర్చునేవాడు. ఆయన కాలు లేవదు, కానీ మాట నాతో పాటు ప్రతి జానా ఎక్కేది. చేతులు పట్టినప్పుడే కాళ్ళు కదపాలి. కాళ్ళు కరుచుకున్నాకే చేతులు వదలాలి. కిందకీ చూడకు, పైకీ చూడకు, ఎదురుగా చెట్టుని చూడు. ఎండుమట్టని నమ్మకు, ఎంత గట్టిగా కనబడినా పట్టుకోకు. భయమేస్తే ఆగు, ఆగడం తప్పు కాదు, తొందరపడ్డమే తప్పు. ఒక్కో చెట్టూ ఎత్తు పెంచుకుంటూ పోయేం. అన్ని నెలల తరవాత నాన్న గొంతు పెద్దగా వినడం అప్పుడే. ఒకరోజు నేను పదిహేను నిమిషాల్లో మూడు చెట్లెక్కి దిగితే, పీట మీద కూర్చునే చప్పట్లు కొట్టేడు.

ఇంట్లో సాయంత్రాలు అమ్మ ఎప్పటిలాగే గుమ్మం పక్కన కూర్చుని తాడు పేనుతుండేది. రెండరచేతుల మధ్యా పీచు సరసరమంటుంటే, నేనూ నాన్నా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోకుండా అన్నం తినేవాళ్ళం.

జనవరి ఒకటో తారీఖు వచ్చింది. పొద్దున్నే రైలు పట్టా మోగింది. నేను కిందటేడు క్రిస్మస్‌కి కుట్టించిన పరికిణీ వేసుకున్నాను. దాని లోపల పక్కింటి అన్నయ్య ఖాకీ నిక్కరు. ముందురోజు వాళ్ళ దండెం మీంచి కాజేసింది. ఆ పాపం కొత్త సంవత్సరంలోకి రాకుండా పాత ఏట్లోనే చేసేసేను.

గుడి కిటకిటలాడింది. బంతిపూల వాసన, గంజి పెట్టిన బట్టల వాసన, కొబ్బరినూనె వాసన. మగవాళ్ళు ఓవైపు, ఆడవాళ్ళు ఓవైపు చాపల మీద. పడ్డ దగ్గర్నించీ నాన్న గుడికి రాలేదు. ఆ రోజు కర్ర టకటకలాడిస్తూ వచ్చి వెనకాల గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పాటలయ్యేయి, వాక్య ప్రసంగమయ్యింది, గడిచిన ఏటికి కృతజ్ఞతలు చెప్పుకోవడమూ అయ్యింది. తొలి పనుల పిలుపు మొదలైంది.

తాపీ మేస్త్రీ లేచి, గుడ్డి నాయనమ్మ గోడ కట్టిపెడతానండి అన్నాడు. పేట చివర ఒంటరిగా ఉండే ముసలావిడ ఆవిడ. దర్జీ లేచి నలుగురు పిల్లలకి చొక్కాలన్నాడు. మంత్రసాని లేచి, "ఇవాళ ఎవరు నొప్పులు పడ్డా నాదే పూచీ అండి" అంటే, నెలలు నిండిన ఒకావిడ "ఇవాళా?" అని కంగారుపడింది. గుడంతా నవ్వింది. అయ్యగారు తనే వంటపాత్రలు తోముతానన్నారు. మా ఇంటి వంతు రాగానే ఆయన గొంతు మెత్తబడింది.

"మన సోదరుడికి ఈ ఏడు దేవుడు విశ్రాంతినిచ్చేడు. వచ్చే ఏటికి..."

వెనకనించి కర్ర చప్పుడైంది. నాన్న లేచి నిలబడ్డాడు.

"మా ఇంటి తొలి పని ఎప్పటిదేనండి. గుడి చెట్ల దింపు. ఎక్కేది మా అమ్మాయి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యేక ఒకటే గోల. ఆడపిల్లేంటి, చెట్టేంటి అని ఒకరు. పడితే ఎవరు పూచీ అని ఇంకొకరు. అయ్యగారు చేయెత్తి అందర్నీ ఆపి, "దేవుడికిచ్చే దాని కోసం పిల్లని ప్రమాదంలో పెట్టమని ఆయన అడగడండి" అన్నారు. ఆయన మొహంలో కోపం లేదు, నిజంగా భయముంది.

"నాకు భయం లేదని చెప్పనండి అయ్యగారూ. ఈ గుడిలో నాకున్నంత భయం ఇంకెవరికుంటుంది? మూడు వారాలు కిందనుంచి కనిపెట్టి చూసేను. నాకంటే శుభ్రంగా ఎక్కుతుంది. కాదనిపిస్తే ఇక్కడ లేచేవాణ్ణి కాదు." నాన్న జనం వైపు తిరిగేడు. "అయిదు నెలలు అందరి చేతి అన్నమూ తిన్నామండి. మా చేతిది కూడా ఒక్క పూట తినండి."

గోల చప్పున ఆగిపోయింది. అప్పుడు ఆడవాళ్ళ వైపు అమ్మ లేచింది. ఎవరి వైపూ చూడలేదు. గబగబా గుడి దిగి వెళ్ళిపోయింది. అయిపోయింది, అమ్మకి తెలిసిపోయింది, ఇంక ఈ జన్మలో నాతో మాట్లాడదనుకున్నాను. మామ్మగారు నశ్యం డబ్బీ బయటికే తీసేసి, అందరి ముందూ పీల్చేసేరు. అంత కంగారుపడ్డారు.

అమ్మ తిరిగొచ్చింది. చేతిలో కొత్త తాడుంది. కాళ్ళకి వేసుకునే బంధమొకటి, నడుముకీ చెట్టుకీ చుట్టుకునే పొడుగు తాడొకటి. బంగారం రంగులో మెరుస్తున్న పీచు. తిన్నగా కిటికీ దగ్గరికెళ్ళి, ఇనప ఊచకి తాడు వేసి, రెండు కాళ్ళూ ఎత్తి ఒళ్ళు బరువంతా దాని మీద వేసి వేలాడింది. తాడు కిర్రుమనలేదు కూడా. దిగి, చీర సర్దుకుని, అయ్యగారి ముందు నిలబడింది.

"మూడు వారాలనించి పేనుతున్నానండి. వీళ్ళిద్దరూ నాకు తెలీదనుకున్నారు."

"తెలిసీ ఆపలేదేమ్మా?" అన్నారు మామ్మగారు.

"ఆపుదామనేనండి. మొదటిరోజు దాని పాదాలు చూసి కొట్టడానికి తాడు తీసేను. ఆ తాడేమో పాతది, తెగితే ముడేసినది. దీంతోనా పిల్ల ఎక్కుతోందని ఒళ్ళు జలదరించింది. ముందు ఒక గట్టి తాడు పేని, తరవాత తిడదామనుకున్నాను." అమ్మ కళ్ళు తుడుచుకుంది. "పేనేసరికి కోపం అయిపోయిందండి."

అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన చేసుకున్నారో, ఆలోచించుకున్నారో. కళ్ళు తెరిచి, "పదండి బయటికి. చెట్టు కింద గడ్డి పరవండి, మందంగా" అన్నారు.

పేటంతా ఆవరణలోకి వచ్చింది. నేను పరికిణీ ఎగ్గట్టేను. గుంపులోంచి పక్కింటి అన్నయ్య, "అది నా నిక్కరు!" అని అరిచేడు. అంత భయంలోనూ అందరూ గొల్లుమన్నారు. నాకూ నవ్వొచ్చింది. అమ్మ వంగి నా కాళ్ళకి బంధం వేసింది, నడుం తాడు కట్టింది, ముడి రెండుసార్లు లాగి చూసింది. నాన్న తన కత్తి నాకిచ్చేడు.

ఎక్కేను. చేతులు, కాళ్ళు. చేతులు, కాళ్ళు. గుడి కప్పు పక్కనించి కిందికి వెళ్ళిపోయింది. వెదురు నక్షత్రం కిందికి వెళ్ళిపోయింది. సగం దాటేక చెట్టు ఊగడం మొదలెట్టింది. నేను నేర్చుకున్న ఏ చెట్టూ అంతలా ఊగలేదు. ఆగిపోయేను. చెట్టుకి చెంప ఆనించి కళ్ళు మూసుకున్నాను. ఎవరూ దిగిపొమ్మనలేదు, ఎక్కమనలేదు. నాన్న మాత్రం, పక్కన కూర్చుని కబుర్లు చెప్తున్నంత మామూలుగా, "గాలొచ్చిందమ్మా. అది వెళ్ళిపోనీ. మనకేం తొందర?" అన్నాడు.

గాలి వెళ్ళిపోయింది. మళ్ళీ చేతులు, కాళ్ళు. పచ్చి మట్టలు తలకి తగిలేయి. మట్టల మధ్య ఒదిగి కూర్చుని, అప్పుడు తలెత్తి చూసేను. కోతైన చేలల్లో గడ్డికుప్పలు, వాటి పక్కన రెండో పంట దాళ్వాకి పోసిన ఆకుమళ్ళ లేతపచ్చ, కాలవ, వంతెన, అన్నిటికీ అవతల ఎండలో పళ్ళెంలా మెరుస్తున్న గోదారి. నేను పుట్టి పెరిగిన ఊరు అంత అందంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. నాన్న రోజూ ఇది చూసేవాడా అనుకున్నాను.

"తప్పుకోండోయ్!" అని అరిచి గెల కోసేను. కాయలు దబదబా నేలని గుద్దేయి. కిందనించి లేచిన కేకలకి కాకులన్నీ లేచిపోయేయి. హల్లెలూయ అని ఒకరంటే, అందరూ అందుకున్నారు. మామ్మగారు చేతులు పైకెత్తి గిరగిరా తిరిగేరట. నాకు మట్టల చాటున కనబడలేదు, తరవాత చెప్పేరు.

నేను దిగేసరికి జనం నా మీద పడిపోయేరు. "చాలమ్మా, ఒక చెట్టు చాలు" అన్నారు అయ్యగారు, నుదుటి చెమట తుడుచుకుంటూ.

అమ్మ నా పాదాలు చూసింది, చేతులు చూసింది, రెండో చెట్టు వైపు చూసింది.

"అక్కని దింపి చెల్లెల్ని వదిలేస్తామా అయ్యగారూ?" అంది.

ఆ రెండో చెట్టు నేను ఎక్కలేదు, ఎగిరేను.

మధ్యాహ్నానికి ఆవరణంతా లౌజు వాసన. బెల్లం పాకంలో కొబ్బరి కోరు, యాలకులు, పెద్ద ఇత్తడి గుండిగలో తెడ్డు తిప్పుతూ నలుగురు ఆడవాళ్ళు. నాన్న గునపం ముందు కూర్చుని కాయలన్నీ తనే ఒలిచేడు. కొబ్బరిపాల అన్నంలోకి కోడికూర. అందరితో పాటు పంక్తిలో కూర్చుని నాన్న మూడుసార్లు అన్నం అడిగేడు. వడ్డించేది అమ్మ. మూడోసారి, "మన ఇంటి కొబ్బరేమిటండీ ఇంత తియ్యగా ఉంది!" అంది నవ్వుతూ.

సాయంత్రం మిగిలిన కాయలు ఇళ్ళకివ్వడానికి నాన్నే బయల్దేరేడు. వద్దన్నా వినలేదు. బుట్ట నా నెత్తి మీద, కర్ర ఆయన చేతిలో. చివరిది గుడ్డి నాయనమ్మ ఇల్లు. కట్టిన గోడ ఇంకా తడారలేదు. నాన్న ఆవిడ ఒళ్ళో రెండు కాయలు పెట్టేడు. ఆవిడ ఒక్కోటీ చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసింది.

"నువ్వు మళ్ళీ ఎక్కేవురా?"

"నేను కాదు పిన్నీ. నా కూతురు."

"చిత్రంగా ఉందే!" అని చేయి చాపి నా తల నిమిరింది. "ఒరే, నేనూ మీ ఇంటికి గుప్పెడు వేసేదాన్నిరా. నాకేముంటుంది, పొద్దున్న వండుకునేదే గిద్దెడు. అయినా వేసేదాన్ని. చేరేదా?"

నాన్న గుమ్మంలోనే చతికిలబడిపోయేడు. "చేరింది పిన్నీ. ప్రతి వారం చేరింది. తిన్నాను" అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన గొంతులో సిగ్గు లేదు. మేం తిరిగొస్తుంటే దారి పొడుగునా పాట తీస్తూనే ఉన్నాడు, శ్రుతి లేకుండా.

నాన్న మళ్ళీ ఎప్పుడూ చెట్టెక్కలేదు. ఆ కాలు అలాగే ఉండిపోయింది. కానీ తరవాతి ఏడు తొలి పనుల వేళ, ఎవరూ అడక్కుండానే ముగ్గురాడపిల్లలు లేచి మేమూ ఎక్కుతామన్నారు. పీటేసుకుని వాళ్ళకి నేర్పింది నాన్నే. తాళ్ళు పేనింది అమ్మ. వాళ్ళలో ఒకమ్మాయి పెద్దయ్యేక దింపే బతుకుతెరువు చేసుకుంది. మగాడికిచ్చే కూలే నాకూ ఇవ్వాలని ఆసాముల్ని అడిగింది. నాన్న వెంట వెళ్ళి నిలబడి మరీ ఇప్పించేడు. నేను బడిపంతులమ్మనై వేరే ఊళ్ళు తిరిగినా, పెళ్ళై పిల్లల్ని కన్నా, జనవరి ఒకటిన మాత్రం మా ఊరొచ్చి ఎక్కేదాన్ని, మోకాళ్ళు మొరాయించేదాకా.

నాన్న బతికున్న చివరి కొత్త సంవత్సరం నాకు బాగా గుర్తు. అక్కాచెల్లెళ్ళు అప్పటికే తుపానుకి పడిపోయేయి. వాటి చోట వేసిన మొక్కలు ఆరు చెట్లై కాపుకొచ్చేయి. గుడికి స్లాబు పడింది. కొత్త అయ్యగారు కుర్రాడు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నాన్న దగ్గరికొచ్చి, "మీరేం చెప్పక్కర్లేదండి పెద్దాయనగారూ. మమ్మల్ని దీవించండి, చాలు" అన్నాడు.

నాన్న రెండు చేతుల్తో కర్ర పట్టుకుని లేచేడు. లేవడానికి చాలాసేపు పట్టింది. అందరం ఆగేం.

"తొలి పని అందరూ చెప్పాలండి. ఈ ఏడు నాది చూడ్డం. పిల్లలెక్కుతుంటే కింద కూర్చుని చూస్తానండి. అది పనిలోకి వస్తుందాండీ?"

కుర్ర అయ్యగారికి నవ్వొచ్చింది, కళ్ళు చెమర్చేయి కూడా. "ఆయ్. వస్తుందండి" అన్నాడు.

కుర్చీతో సహా ఎత్తి బయటికి తెచ్చేం. ఆరు చెట్లకీ ఆరుగురాడవాళ్ళు. వాళ్ళలో ఇద్దరు తల్లీ కూతుళ్ళు. అందరూ ఒక్కసారి ఎక్కడం మొదలెట్టేరు. నాన్న నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి చూపు మార్చుకుంటూ, ఒక్కరినీ వదలకుండా చూసేడు. ఆరుగురూ దిగి నేల మీద కాలు పెట్టేదాకా తల దించలేదు. దించేసరికి మెడ పట్టేసింది. నేను వెనక నిలబడి మెడ పిసుకుతుంటే, "పనంటే పనేనమ్మా" అన్నాడు, మొహమంతా నవ్వుతో.